అడిగితే ఏదో ఒకటి చెప్తారు

ప్రశ్న: నేను ఒక చిన్న కంపెనీలో డిజైనర్‌ని. ఆడియో పుస్తకాలు వినే యాప్ మాది. యూజర్ రీసెర్చ్‌కి విడిగా మనుషులు లేరు కాబట్టి ఆ పనీ నా నెత్తినే ఉంది. ఈమధ్య సెర్చ్ పేజీ మొత్తం మార్చాం. ఎలా ఉందో తెలుసుకుందామని 32 ప్రశ్నల సర్వే పెట్టాను. ఎవరైనా పుస్తకం వినడం మొదలుపెట్టగానే అది స్క్రీన్ మీద కనిపిస్తుంది. జవాబిచ్చినవాళ్ళలో దాదాపు అందరూ బాగుందనే అన్నారు. మేం సంబరపడ్డాం. తీరా చూస్తే సెర్చ్ వాడకం తగ్గుతోంది, "పుస్తకం దొరకట్లేదు" అన్న ఫిర్యాదులు ఆగలేదు. జనం సర్వేల్లో అబద్ధాలు చెప్తారా? నేను అడిగినవాటిలో కొన్ని ఇవి:

"మా కొత్త సెర్చ్ చాలా సులువుగా ఉంది కదా?" "యాప్ వేగం, డిజైన్ మీకు నచ్చాయా?" "మీరు సెర్చ్ ఎంత తరచుగా వాడతారు?" "సెర్చ్‌లో ఫిల్టర్లు అవసరం లేదని మీరు అనుకోవడం లేదా?" "నెట్ లేకుండా వినే సౌకర్యం పెడితే వాడతారా?" ఎక్కువ ప్రశ్నలకు ఇచ్చిన ఆప్షన్లు: అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు.

ఇంకోసారి సర్వే చేయాలి. ఎన్ని ప్రశ్నలు పెట్టాలి, ఎంతమంది జవాబిస్తే చాలు? మా మేనేజర్ ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్, అంటే యాప్‌ను స్నేహితులకు ఎంతవరకు సిఫారసు చేస్తారని అడిగి లెక్కేసే స్కోరు) తప్పనిసరిగా ఉండాలంటున్నారు. అది పెట్టాలా? — ఒక పాఠకురాలు

జవాబు: జనం మీకు అబద్ధం చెప్పలేదండీ. మీరు అడిగారు, వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. సర్వేల్లో ఉన్న పెద్ద చిక్కే అది. అడిగిన ప్రశ్నకు మనసులో సమాధానం లేకపోయినా మనిషి ఏదో ఒకటి చెప్తాడు. జవాబులు రాలేదని బెంగపడేవాళ్ళని చాలామందిని చూశాను. జవాబులు ఇంత సులువుగా ఎలా వచ్చాయని అనుమానపడేవాళ్ళు మాత్రం అరుదు. మీకు ఆ అనుమానం వచ్చింది. సగం పని అయినట్టే.

దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. అమెరికాలోని సిన్సినాటిలో జార్జ్ బిషప్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి జనాన్ని "1975 పబ్లిక్ అఫైర్స్ యాక్ట్‌ను రద్దు చేయాలా?" అని అడిగారు. ఆ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. అసలు అలాంటి చట్టమే లేదు. పరిశోధకులు దాన్ని కల్పించారు. అయినా దాదాపు మూడో వంతు మంది రద్దు చేయాలనో వద్దనో అభిప్రాయం చెప్పేశారు. "దీని గురించి మీరు అంతగా ఆలోచించలేదా?" అనే వీలు కూడా ప్రశ్నలోనే ఇచ్చినప్పుడు, అలా చెప్పేవాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది.

ఇప్పుడు మీ ఫిల్టర్ల ప్రశ్న చూడండి. యాప్ వాడేవాళ్ళలో ఎంతమంది ఫిల్టర్ గుర్తు మీద ఒక్కసారైనా వేలు పెట్టి ఉంటారు? ఆ సంగతి కనుక్కోకుండా అందర్నీ అడిగారు. ఫిల్టర్ ముఖం చూడనివాళ్ళు కూడా జవాబు నొక్కారు. వాళ్ళ జవాబూ, రోజూ ఫిల్టర్ వాడేవాళ్ళ జవాబూ మీ చార్టులో ఒకే రంగులో కనిపిస్తాయి. కాబట్టి ముందు "గత నెల రోజుల్లో సెర్చ్‌లో ఫిల్టర్ వాడారా?" అని అడగండి. వాడాను, వాడలేదు, గుర్తులేదు అని మూడు ఆప్షన్లు ఇవ్వండి. వాడినవాళ్ళకే తర్వాతి ప్రశ్న చూపించండి. చాలా సర్వే టూల్స్‌లో దీనికి వీలుంటుంది.

ఆ ప్రశ్నలో ఇంకా పెద్ద తప్పు ఉంది. "అవసరం లేదని మీరు అనుకోవడం లేదా?" అన్నారు. ఒక "లేదు" మీద ఇంకో "లేదా" ఎక్కింది. నేను మూడుసార్లు చదువుకున్నాను. దీనికి "అవును" అని నొక్కినవాళ్ళ మనసులో ఏముంది? "అవును, అవసరం లేదనే అనుకుంటున్నాను" అనా, "అవును, అలా అనుకోవడం లేదు" అనా? మన భాషలో ఈ గొడవ ఇంకాస్త ఎక్కువ. "నిన్న రాలేదా?" అంటే "అవును, రాలేదు" అనేవాళ్ళు ఉన్నారు, "లేదు, రాలేదు" అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది ఒకటే. ఎదురుగా మనిషి ఉంటే మిగతా మాటలనుబట్టి, గొంతునుబట్టి అర్థమైపోతుంది. స్క్రీన్ మీద "అవును", "లేదు" అని రెండు బటన్లు పెట్టి ఇలాంటి ప్రశ్న అడిగితే ఇద్దరూ చెరో బటన్ నొక్కుతారు. మీ లెక్కలో వాళ్ళు బద్ధ విరోధులు.

ఇది చిన్న విషయమని కొట్టేయకండి. 1992లో అమెరికాలో రోపర్ సంస్థ ఒక సర్వే చేసింది. నాజీలు యూదులను ఊచకోత కోయడం అసలు జరగనే లేదన్నది మీకు సాధ్యమనిపిస్తుందా, అసాధ్యమనిపిస్తుందా అన్నది ప్రశ్న. 22 శాతం "సాధ్యం" అన్నారు. ఆ ఫలితం బయటికొచ్చాక దేశమంతా గగ్గోలు పుట్టింది. ఐదుగురిలో ఒకరు చరిత్రనే నమ్మడం లేదా అని. తర్వాత 1994లో ప్రశ్నను తిన్నగా రాసి మళ్ళీ అడిగితే, అది జరగకపోయి ఉండవచ్చన్నవాళ్ళు ఒక శాతం దగ్గర తేలారు. "జరగనే లేదన్నది అసాధ్యం" అన్న మెలిక విప్పలేక జనం తడబడ్డారు, అంతే. అంత గంభీరమైన విషయంలోనే అలా జరిగితే, సెర్చ్ ఫిల్టర్ల గురించి అడిగినప్పుడు మెలిక విప్పే ఓపిక ఎవరికి ఉంటుంది చెప్పండి.

ఇక మీ మొదటి ప్రశ్న. "మా కొత్త సెర్చ్ చాలా సులువుగా ఉంది కదా?" ఆ "కదా" దగ్గరే ప్రశ్న పని అయిపోయింది. తెలుగులో "కదా" అన్నాక తల ఊపడం తప్ప అవతలివాళ్ళకు వేరే మర్యాద మిగలదు. "కదా" తీసేస్తే చాలనుకోకండి. "ఎంత సులువుగా ఉంది?" అన్నా సులువుగా ఉందని మీరే ముందు తీర్మానించేసినట్టు. ఎంత అన్నది మాత్రమే వాళ్ళకు వదిలారు. "మా" అన్న మాటలో మొహమాటం ఉంది, "కొత్త" అన్న మాటలో గొప్ప ఉంది.

మాట మారితే జవాబు ఎంత మారుతుందో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1974లో చూపించారు. కార్లు గుద్దుకున్న ఫిల్మ్ క్లిప్పులు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదమే మార్చారు. కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నాయన్న అర్థం వచ్చే మాట వాడినప్పుడు సగటున గంటకు దాదాపు 40 మైళ్ళన్నారు. ఒకదాన్నొకటి తాకాయన్న మాట వాడితే 32 మైళ్ళ దగ్గర ఆగారు. అందరూ చూసింది ఆ క్లిప్పులే. అంతకుముందు 1941లో డొనాల్డ్ రగ్ ఇంకా చిత్రమైన సంగతి చెప్పాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అడిగితే 75 శాతం అనుమతించకూడదన్నారు. అవే ప్రసంగాలను నిషేధించాలా అని అడిగితే నిషేధించాలన్నది 54 శాతమే. అనుమతించకపోవడం, నిషేధించడం ఒకటే కదా అని తర్కం అంటుంది. చెవికి మాత్రం నిషేధం అన్న మాట కటువుగా తగిలింది.

మీ ప్రశ్నను నేనైతే ఇలా రాస్తాను: "చివరిసారి మీరు ఒక పుస్తకం కోసం సెర్చ్ చేసినప్పుడు, దాన్ని కనుక్కోవడం ఎలా అనిపించింది?" కింద ఐదు ఆప్షన్లు: చాలా కష్టం, కొంచెం కష్టం, కష్టమూ కాదు సులువూ కాదు, కొంచెం సులువు, చాలా సులువు. అటు రెండు, ఇటు రెండు, మధ్యలో ఒకటి. "చివరిసారి" అనడంతో వాళ్ళు ఒక నిజమైన సంఘటనను గుర్తుచేసుకుంటారు. లేకపోతే యాప్ మీద ఉన్న మొత్తం అభిమానాన్నో కోపాన్నో తెచ్చి ఈ జవాబులో పోస్తారు.

ఆప్షన్ల మాట వచ్చింది కాబట్టి మీవి చూద్దాం. అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. ఐదింటిలో మూడు పొగడ్తలు, ఒకటి గోడమీది పిల్లి, విమర్శకు మిగిలింది ఒక్కటే గది. కళ్ళు మూసుకుని నొక్కినా మీకు మంచి మార్కులే వస్తాయి. పైగా పొగడ్తలు ముందు పెట్టారు. స్క్రీన్ మీద జాబితా చదివేటప్పుడు మొదట కనిపించి, ఫర్లేదనిపించినదాన్ని నొక్కి ముందుకు పోవడం జనానికి అలవాటు. ఆ తర్వాత "పర్వాలేదు". ఈ మాటంటే నాకు ఇష్టమే గానీ స్కేల్‌లో మాత్రం దీన్ని పెట్టకండి. ఒకరు "పర్వాలేదు" అంటే మెచ్చుకున్నట్టు. ఇంకొకరు అంటే మొహమాటానికి తిట్టలేదని అర్థం. ఆ రెంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే సంఖ్యతో మీరేం చేసుకుంటారు?

ఐదు గదులా, ఏడా అని జుట్లు పట్టుకునేవాళ్ళున్నారు. ఏదైనా ఒకటే, సర్వే అంతా అదే వాడితే చాలు. 1932లో ఈ పద్ధతిని తెచ్చిన రెన్సిస్ లికర్ట్ పేరుమీదే దీన్ని లికర్ట్ స్కేల్ అంటాం. ప్రతి గదికీ మాటల్లో పేరు పెట్టండి. ఉత్త అంకెలు ఇస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. జర్మనీలో నోర్బర్ట్ ష్వార్జ్ బృందం "జీవితంలో మీరు ఎంతవరకు విజయం సాధించారు?" అని అడిగింది. కొందరికి 0 నుంచి 10 దాకా అంకెలిచ్చింది, ఇంకొందరికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా. రెండింటిలోనూ గదులు 11. మొదటి స్కేల్‌లో 34 శాతం మంది తమని తాము కింది సగంలో, అంటే 0 నుంచి 5 లోపు, పెట్టుకున్నారు. రెండో దాంట్లో మైనస్ 5 నుంచి 0 లోపు పెట్టుకున్నది 13 శాతమే. 0 అంటే విజయాలు లేవని, మైనస్ అంటే ఓడిపోయామని చదువుకున్నారన్నమాట. తాము ఓడిపోయామని ఎవరు ఒప్పుకుంటారు?

"వేగం, డిజైన్ నచ్చాయా?" అన్నది రెండు ప్రశ్నలు. విడగొట్టండి. ప్రశ్నలో "మరియు" గానీ, కామా గానీ కనిపిస్తే కత్తెర తీయడమే.

"సెర్చ్ ఎంత తరచుగా వాడతారు?" దగ్గరికి వద్దాం. ఒకరికి వారానికోసారి అంటే తరచు. రోజుకి మూడుసార్లు వాడేవాళ్ళకు అది అరుదు. సరే, అంకెలతో గదులిద్దామంటే అక్కడా ఒక మెలిక ఉంది. అదే ష్వార్జ్, సహచరులు 1985లో జనాన్ని రోజుకు ఎంతసేపు టీవీ చూస్తారని అడిగారు. ఒక గుంపుకు ఇచ్చిన గదులు అరగంట లోపు అని మొదలై రెండున్నర గంటల పైన అని ముగిశాయి. ఇంకో గుంపుకు రెండున్నర గంటల లోపు అని మొదలై నాలుగున్నర గంటల పైన అని ముగిశాయి. మొదటి గుంపులో రెండున్నర గంటలకు మించి చూస్తామన్నది 16.2 శాతం. రెండో గుంపులో అదే మాట అన్నది 37.5 శాతం. తాము ఎంతసేపు చూస్తామో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అందుకని గదుల్ని చూసి, "మధ్యలోది మామూలు మనుషులది అయ్యుంటుంది, మనం మామూలు మనుషులమే" అని లెక్కేసుకుంటారు.

అయితే ఈ ప్రశ్న విషయంలో నా అసలు అభ్యంతరం వేరే. ఎవరు ఎన్నిసార్లు సెర్చ్ చేశారో మీ సర్వర్‌కి తెలుసు. ఏం టైప్ చేశారు, ఫలితాల్లో దేన్నైనా తెరిచారా, వెనక్కి పోయారా, అన్నీ లాగ్స్‌లో, అంటే సర్వర్ రాసిపెట్టుకునే రికార్డుల్లో ఉంటాయి. అంత కచ్చితమైన లెక్క దగ్గరుంచుకుని, మనుషుల మతిమరుపును నమ్ముకోవడం ఎందుకు? ఇంజనీర్లను అడిగితే రెండు రోజుల్లో తీసిస్తారు. కాస్త సణుగుతారేమో, అంతే.

"నెట్ లేకుండా వినే సౌకర్యం పెడితే వాడతారా?" ఈ ప్రశ్న చూడగానే నా పాత గాయం ఒకటి సలిపింది. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ఇలాగే "ఫలానా సౌకర్యం పెడితే వాడతారా?" అని అడిగాను. వాడతాం, వాడతాం అని జనం ఎగబడ్డారు. టీమ్ మొత్తం నెలల తరబడి కూర్చుని దాన్ని కట్టింది. విడుదలయ్యాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీటింగులో అందరూ నావైపు చూశారు. తప్పు జనానిది కాదు. ఉచితంగా ఏదైనా ఇస్తామంటే వద్దని ఎవరంటారు? "పెడితే" అన్న మాట వాళ్ళకు ఖర్చు లేని ఊహ. మనకు అది ఆరు నెలల పని.

మనుషులకు తమ భవిష్యత్తు తెలియదు సరే, తమ కారణాలూ అంతగా తెలియవు. రిచర్డ్ నిస్‌బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1977లో రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టి, వాటిలో నాణ్యమైనది ఏరమన్నారు. నాలుగూ ఒకే రకం. కానీ కుడి చివర ఉన్నదాన్ని ఎంచుకున్నవాళ్ళు ఎడమ చివరిదానికంటే దాదాపు నాలుగు రెట్లు. ఎందుకు ఎంచుకున్నారంటే రకరకాల కారణాలు చెప్పారు గానీ, అది ఉన్న చోటు గురించి ఒక్కరూ చెప్పలేదు. చోటు వల్లేమో అంటే దాదాపు అందరూ కొట్టిపారేశారు. అందుకే సర్వేలో "మీరు ఎందుకు ఇలా చేశారు?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుని నేను సగమే నమ్ముతాను. "ఏం చేశారు?" అన్నదానికి వచ్చిన జవాబుని ముప్పావు వంతు.

మీ ప్రశ్నను జరిగిపోయినదాని మీదికి మళ్ళించండి. "గత నెల రోజుల్లో నెట్ లేక పుస్తకం వినలేకపోయిన సందర్భం ఉందా?" ఉందన్నవాళ్ళని "అప్పుడు ఏం చేశారు?" అని అడిగి, రాయడానికి ఖాళీ పెట్టె ఇవ్వండి. ఊరికే మానేశామని రాస్తే ఆ అవసరం అంత పెద్దది కాదు. ముందురోజే వేరే యాప్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటున్నామని రాస్తే మాత్రం మీ మేనేజర్‌కి చూపించాల్సిన జవాబు అది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతదాకా చెప్పిన తప్పులన్నీ సరిచేసినా మీకు మళ్ళీ "బాగుంది" అనే జవాబులే వస్తాయి. ఎందుకంటే మీ సర్వే కనిపించేది పుస్తకం వినడం మొదలుపెట్టినవాళ్ళకి. అంటే పుస్తకం దొరికినవాళ్ళకి! వెతికి వెతికి విసుగొచ్చి యాప్ మూసేసినవాళ్ళు ఆ స్క్రీన్ దాకా రానేలేదు. గట్టు చేరినవాళ్ళని ఆపి "ఏరు దాటడం కష్టమా?" అని అడుగుతున్నారు మీరు. మీ ఉత్తరంలో "పుస్తకం వినడం మొదలుపెట్టగానే" అన్న మాట చదవగానే నాకు మిగతా కథంతా అర్థమైపోయింది.

అడిగింది ఎంతమందిని అన్నదానికన్నా, ఎవరిని అన్నది పెద్ద విషయం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు ఏరుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళు ఎవరో ఊహించుకోవచ్చు. దానికితోడు, కార్డు నింపి తిప్పి పంపే ఉత్సాహం ఉన్నవాళ్ళు ఒక రకం, పంపనివాళ్ళు ఇంకో రకం. అదే ఏడాది జార్జ్ గాలప్ అంతకంటే ఎన్నో రెట్లు తక్కువమందిని అడిగి, రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పగలిగాడు.

కాబట్టి ఈసారి సర్వేని రెండు చోట్ల పెట్టండి. సెర్చ్ చేసి ఫలితాల్లో దేన్నీ తెరవకుండా వెనక్కి పోయినవాళ్ళకి ఒకటి. పుస్తకం తెరిచినవాళ్ళకి ఒకటి. రెండు చోట్లా ప్రశ్నలు అవే, లెక్కలు మాత్రం వేర్వేరుగా చూడండి. ఒకే మనిషికి పదేపదే కనిపించకుండా చూసుకోండి. అన్నట్టు, వినడం మొదలైన క్షణంలోనే సర్వేతో అడ్డుపడితే ఎవరికైనా చిరాకే. ఒక అధ్యాయం అయ్యాక అడిగితే పోయేదేం లేదు.

ఎంతమంది కావాలన్నారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్నవాళ్ళు 100 మంది జవాబిస్తే మీ శాతాలు దాదాపు 10 అటూ ఇటూ ఊగుతాయి. 400 మంది అయితే 5, 1000 మంది అయితే 3. ఊపు సగం కావాలంటే జనం నాలుగు రెట్లు కావాలి. పాత సెర్చ్ 61 శాతం, కొత్తది 64 శాతం అని 100 మంది జవాబులతో ఎవరైనా స్లైడ్ చూపిస్తే, అందులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. అయితే ఈ లెక్కలన్నీ మనుషుల్ని సరిగ్గా ఎంచుకున్నప్పుడే పనిచేస్తాయి. ఒడ్డు చేరినవాళ్ళని 10,000 మందిని అడిగినా మునిగినవాళ్ళ సంగతి తెలియదు.

ప్రశ్నలు ఎన్ని అన్నదానికి నేను అంకె చెప్పను, ఒక పని చెప్తాను. మీ 32 ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతిదాని పక్కనా "దీనికి ఫలానా జవాబు వస్తే మేం ఫలానా పని చేస్తాం" అని ఒక వాక్యం రాయండి. వాక్యం రాయలేకపోయిన ప్రశ్నను కొట్టేయండి. "తెలుసుకుంటే మంచిదే కదా" అన్నది వాక్యం కిందికి రాదు. నా అనుభవంలో సగానికి పైగా ప్రశ్నలు అక్కడే పోతాయి. ఏడెనిమిది మిగిలితే అదృష్టవంతులు. ఎక్కువ ప్రశ్నలు పెడితే జనం మధ్యలో వెళ్ళిపోతారన్నది అందరికీ తెలిసిన భయం. వెళ్ళకుండా చివరిదాకా ఉండిపోయేవాళ్ళతో ఇంకా ప్రమాదం. పదో ప్రశ్న దాటాక చదవడం మానేసి, ఒకే వరసలో టకటకా నొక్కుకుంటూ పోతారు. పట్టికలా పేర్చిన ప్రశ్నల్లో ఇది మరీ కనిపిస్తుంది. అన్నింటికీ మూడో గది నొక్కిన జవాబులు మీ డేటాలో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

వరసలో కూడా కిటుకు ఉంది. మొత్తంగా ఎలా ఉందన్నది ముందు అడిగి, వివరాలు తర్వాత అడగండి. సెర్చ్‌లో లోపాలన్నీ ఏకరువు పెట్టించి ఆ తర్వాత "మొత్తంమీద యాప్ ఎలా ఉంది?" అంటే, ఆ లోపాల వేడిలోనే జవాబిస్తారు. వయసు లాంటి వివరాలు చివర్లో, అదీ వాటితో నిజంగా పని ఉంటేనే.

మీ మేనేజర్ గారి ఎన్‌పీఎస్. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన ప్రశ్న అది: మీ స్నేహితులకు ఎంతవరకు సిఫారసు చేస్తారు, 0 నుంచి 10. తొమ్మిది, పది ఇచ్చినవాళ్ళ శాతంలోంచి 0 నుంచి 6 ఇచ్చినవాళ్ళ శాతం తీసేస్తే స్కోరు. అంటే నిన్న సున్నా ఇచ్చిన మనిషి ఇవాళ ఆరు ఇచ్చినా మీ స్కోరు కదలదు. ఎనిమిది నుంచి తొమ్మిదికి జరిగితే మాత్రం గెంతుతుంది. నాకది అంతగా నచ్చదు. అయినా మేనేజర్‌తో యుద్ధానికి దిగొద్దు. ఆ ప్రశ్నను వేరే సర్వేలో, మూడు నెలలకోసారి అడగండి. సెర్చ్ పేజీ బాగుపడిందా లేదా అన్నది ఆ అంకె చెప్పలేదని మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి.

యాప్ మొత్తంమీద వాడటానికి ఎంత సులువో చెప్పే ఒక స్కోరు కావాలంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ చూడండి. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసింది. పది వాక్యాలు, ఐదు గదులు, ఒకటి మెచ్చుకునే వాక్యమైతే తర్వాతిది తప్పుపట్టే వాక్యం. 0 నుంచి 100 దాకా స్కోరు వస్తుంది, సగటు 68 దగ్గర ఉంటుంది. 68 వచ్చిందంటే నూటికి 68 మార్కులని మురవకండి, నడిమధ్యలో ఉన్నట్టు. తెలుగులో పెట్టేటప్పుడు తప్పుపట్టే వాక్యాల దగ్గర జాగ్రత్త. ఇందాకటి "లేదా" గొడవ అక్కడ మళ్ళీ లేస్తుంది.

పంపేముందు ఒక్క పని మాత్రం మానకండి. మీ ఆఫీసుతో సంబంధం లేనివాళ్ళని ఐదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నా పైకి చదివించండి. "ఇది మిమ్మల్ని ఏం అడుగుతోంది? మీ మాటల్లో చెప్పండి" అనండి. జవాబు ఎంచుకునేటప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో బయటికి అనమనండి. మధ్యలో మీరు వివరించకూడదు. నాలుక కరుచుకునైనా సరే ఊరుకోండి. ఒకసారి నేను "మీ అకౌంట్‌లో ఏవైనా ఇబ్బందులున్నాయా?" అని రాస్తే, ఒకాయన తన బ్యాంకు కష్టాలన్నీ చెప్పుకొచ్చాడు. మీ దగ్గర "సెర్చ్" అన్న మాటకే ఆ ప్రమాదం ఉందని నా అనుమానం. మొదటి పేజీలో పుస్తకాల బొమ్మలు పైకీ కిందికీ జరుపుకుంటూ చూడటాన్ని కూడా సెర్చ్ చేయడమనుకునేవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళు "చాలా సులువు" అని నొక్కితే అది మీ సెర్చ్ పేజీకి వచ్చిన మెప్పు కాదు. ప్రశ్న పైన ఆ సెర్చ్ పెట్టె బొమ్మ చిన్నది పెట్టి, "ఇక్కడ టైప్ చేసి" అని రాస్తే ఈ బాధ తీరుతుంది.

తా.క. మీ ఫిర్యాదుల్లో "పుస్తకం దొరకట్లేదు" అన్నవాళ్ళు ఉన్నారు కదా. సర్వే మొదలుపెట్టేలోపు వాళ్ళలో ఐదారుగురికి ఫోన్ చేసి, ఏ పేరు టైప్ చేశారో అక్షరం పొల్లుపోకుండా అడిగి రాసుకోండి. కొందరు రచయిత పేరు కొట్టి ఉంటారు, కొందరు పుస్తకం పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో, కొందరు తెలుగులో. మీ సెర్చ్‌కి వాటిలో ఏది అర్థమవుతోందో మీరే అక్కడికక్కడ టైప్ చేసి చూడొచ్చు.